బెనిఫిట్ షోలో బెనిఫిట్ ఎవరిది? 19వ శతాబ్దం కాలనీ పేపర్లలో నాటకాల యాడ్స్ చదివితే తెలిసేది

2024 డిసెంబర్‌లో హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్‌లో ఒక పెద్ద సినిమా ప్రీమియర్ రాత్రి తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, అప్పట్నుంచి "బెనిఫిట్ షో" అనే మాట వార్తల్లోంచి పోవట్లేదు. ఇకమీద బెనిఫిట్ షోలు ఉండవని ముఖ్యమంత్రి అసెంబ్లీలో చెప్పడం, ఆ తర్వాత జీవోలు, కోర్టు కేసులు, టికెట్ రేట్ల గొడవలు, ఇదంతా ఇంకా నడుస్తూనే ఉంది. అదే సినిమాకి ఆంధ్రప్రదేశ్‌లో ముందురోజు రాత్రి తొమ్మిదిన్నర ఆట టికెట్ 800 రూపాయలు, దానిమీద జీఎస్టీ అదనం. అయితే బెనిఫిట్ అంటే లాభం, మేలు అని కదా, మరి ఈ షో వల్ల మేలు ఎవరికి, ఆ పేరెందుకు వచ్చింది అని అడిగితే చాలామంది దగ్గర సమాధానం ఉండదు.

సమాధానం సినిమాలో దొరకదు, నాటకంలో దొరుకుతుంది. ఈ మాట లండన్ నాటకశాలల్లో పుట్టి, ఓడలెక్కి సిడ్నీకి, కలకత్తాకి, మెల్‌బోర్న్‌కి వెళ్ళింది, అక్కడి పేపర్లలో దశాబ్దాలపాటు అచ్చవుతూ వచ్చింది. ఇప్పుడు ఆస్ట్రేలియా వాళ్ళు తమ పాత పేపర్లు చాలావరకు ట్రోవ్ అనే సైట్లో ఫ్రీగా పెట్టారు, న్యూజిలాండ్‌కి పేపర్స్ పాస్ట్ ఉంది, ఎవరైనా కూర్చుని చదువుకోవచ్చు. చదివితే మాత్రం మొదట కన్‌ఫ్యూజనే, ఎందుకంటే ఆ యాడ్స్‌లో బెనిఫిట్ అన్న చోటల్లా దానధర్మం అనుకుంటాం, చాలాచోట్ల అది కాదు.

అసలు అర్థం: ఆ రాత్రి గల్లా ఒక మనిషిది

థియేటర్లో మామూలు రోజుల్లో వసూలైన డబ్బు మేనేజర్‌ది, నటులకి వారం జీతం. ఏడాదికో సీజన్‌కో ఒక రాత్రి మాత్రం ఆ వసూలు ఫలానా నటుడికో నటికో ఇస్తారు, అదే వాళ్ళ "బెనిఫిట్ నైట్". 17వ శతాబ్దం చివర్లో లండన్‌లో ఎలిజబెత్ బ్యారీ అనే నటికి మొదటిసారి ఇలా ఇచ్చారని చెప్తారు. మొదట్లో అది ఒక స్టార్ నటికి ఇచ్చిన గౌరవం, కొన్నేళ్ళకే మాత్రం అందరి కాంట్రాక్టుల్లోకీ వచ్చేసింది, "వారానికి ఇంత, సీజన్ చివర ఒక బెనిఫిట్" అని. చివరికి వాద్యకారులు, టికెట్లు అమ్మేవాళ్ళు, తెర పక్కనుంచి మాటలు అందించే ప్రాంప్టర్లు కూడా ఇద్దరు ముగ్గురు కలిసి ఒక రాత్రి పంచుకునేవాళ్ళు.

మన తరానికి దగ్గర ఉదాహరణ షార్జా క్రికెట్. 1980ల్లో టీవీ ముందు కూర్చుని చూసిన ఆ మ్యాచ్‌లు క్రికెటర్స్ బెనిఫిట్ ఫండ్ సిరీస్ పేరుమీదే జరిగేవి, పాత, కొత్త తరాల ఆటగాళ్ళకి డబ్బు ఇవ్వడం కోసం. ఇంగ్లండ్ కౌంటీల్లో బెనిఫిట్ మ్యాచ్ అనే ఆనవాయితీ ఉంది, నాటకాల బెనిఫిట్, క్రికెట్ బెనిఫిట్ రెండిట్లో ఉన్నది ఒకటే పద్ధతి, ఒక ఆట పెట్టి గేటు డబ్బు ఒక మనిషి చేతిలో పెట్టడం.

ఆస్ట్రేలియాలో అచ్చై మిగిలిన అతిపాత కాగితం ఒక బెనిఫిట్ ప్రకటన

ఇది నాకు చాలా ఇష్టమైన విషయం. ఆస్ట్రేలియాలో అచ్చయి ఈరోజుకీ మిగిలి ఉన్న వాటిల్లో అన్నిటికంటే పాతది చట్టమూ కాదు, గవర్నర్ ఉత్తర్వూ కాదు, బైబిలూ కాదు, ఒక నాటకం కరపత్రం. 1796 జూలై 30 శనివారం, సిడ్నీ థియేటర్లో "జేన్ షోర్" అనే విషాద నాటకం, ఆ తర్వాత ఒక డాన్సు, చివర్లో ఒక ప్రహసనం. పైన మొదటి లైన్: జె. బట్లర్, డబ్ల్యు. బ్రయంట్‌ల బెనిఫిట్ కోసం.

అది ఖైదీల కాలనీ. బ్రిటన్ శిక్ష వేసి పంపిన మనుషులు దిగి అప్పటికి ఎనిమిదేళ్ళే అయింది. ఖైదీగా వచ్చి క్షమాభిక్ష పొందిన రాబర్ట్ సైడవే అనే రొట్టెల వ్యాపారి ఆ ఏడాది జనవరిలో థియేటర్ తెరిచాడు, వేషాలు వేసింది ఎక్కువగా ఖైదీలే, కరపత్రం అచ్చేసిన జార్జ్ హ్యూస్ కూడా ఖైదీయే. చేతిలో నాణేలు లేనివాళ్ళు గ్యాలరీ టికెట్‌కి షిల్లింగ్ బదులు పిండి, మాంసం, సారా ఇచ్చి లోపలికి వెళ్ళేవాళ్ళు. అలాంటి చోట థియేటర్ మొదలైన ఆర్నెల్లకే బెనిఫిట్ నైట్ వచ్చేసింది, అంటే ఈ ఏర్పాటు లేకుండా నాటకం నడుస్తుందని వాళ్ళకి ఊహకే అందలేదన్నమాట! ఆ కాగితం ఎలాగో కెనడా చేరి ఒక స్క్రాప్‌బుక్‌లో అతికించి ఉండిపోయింది, అక్కడి జాతీయ లైబ్రరీలో ఒక లైబ్రేరియన్ గుర్తుపట్టాక 2007లో కెనడా దాన్ని ఆస్ట్రేలియాకి తిరిగిచ్చింది.

పేపర్లు వచ్చింది ఆ తర్వాత. సిడ్నీ గెజెట్ 1803 మార్చిలో మొదలైంది, సిడ్నీ హెరాల్డ్ 1831లో. సిడ్నీలో పద్ధతిగా లైసెన్స్ తీసుకున్న కమర్షియల్ థియేటర్ రావడానికి మాత్రం 1832 దాకా పట్టింది, గవర్నర్ డార్లింగ్ ఒప్పుకోలేదు, తర్వాత వచ్చిన గవర్నర్ బర్క్ ఒప్పుకున్నాడు, బార్నెట్ లెవీ అనే వ్యాపారి 1832 డిసెంబర్ 26న రాయల్ హోటల్ హాల్లో నాటకాలు మొదలుపెట్టి 1833 అక్టోబర్‌లో థియేటర్ రాయల్ తెరిచాడు. బెనిఫిట్ యాడ్స్ పేపర్లలో వరసగా కనపడేది అక్కడినుంచే.

యాడ్ ఎలా ఉండేది, ఒక్కో లైన్‌కి అర్థం ఏంటి

నిజమైన యాడ్ ఎత్తి రాయకుండా, ఆ కాలం ధోరణిలో నేనే ఒకటి తయారుచేశాను, పేర్లు పెట్టలేదు:

"థియేటర్ రాయల్. శ్రీమతి ఫలానా గారి రాత్రి. గౌరవనీయ గవర్నర్ గారి ప్రత్యేక ఆదరణలో. శ్రీమతి ఫలానా సిడ్నీ పెద్దలకి, ప్రజలకి అత్యంత వినయంతో తెలియజేసుకునేది ఏమనగా, వచ్చే గురువారం తన బెనిఫిట్ జరుగును. ఈ కాలనీలో ఇంతకుముందు ఎన్నడూ ఆడని కొత్త నాటకం. మధ్యలో హాస్య గీతం. రెజిమెంట్ బ్యాండ్ కర్నల్ గారి అనుమతితో వాయించును. చివర ప్రహసనం. టికెట్లు శ్రీమతి ఫలానా ఇంటివద్ద, మరియు థియేటర్ వద్ద."

"ఫలానా గారి రాత్రి" అంటే బెనిఫిట్ అని వేరే చెప్పక్కర్లేదు, అప్పటి పాఠకుడికి అర్థమైపోతుంది. "ఆదరణలో" అనే లైన్ అన్నిటికంటే ఖరీదైనది. గవర్నర్ వస్తున్నాడంటే ఆఫీసర్లు, వాళ్ళ భార్యలు, వాళ్ళని చూడటానికి వ్యాపారులు వస్తారు, ఖరీదైన బాక్సు సీట్లు నిండుతాయి. లండన్‌లో ఈ పని జమీందార్లు, రాజకుటుంబం చేసేవాళ్ళు, కాలనీలో ఆ మనుషులు లేరు కాబట్టి గవర్నర్, రెజిమెంట్ కర్నల్, తర్వాత్తర్వాత ఫ్రీమేసన్ లాడ్జిలు, ఆడ్‌ఫెలోస్ లాంటి సభ్యులు ఒకరికొకరు సాయపడే సంఘాలు ఆ ఖాళీ నింపాయి.

"ఎన్నడూ ఆడని కొత్త నాటకం" ఎందుకంటే 1833 జనాభా లెక్కల్లో సిడ్నీ మొత్తం 16 వేల చిల్లర, అందులో థియేటర్‌కి రాగలిగేవాళ్ళు ఇంకా తక్కువ, వచ్చినవాళ్ళే మళ్ళీ మళ్ళీ రావాలి, పోయినవారం చూసిన నాటకానికి బెనిఫిట్ అని పేరు పెడితే ఎవరొస్తారు. అందుకే ఒక్క రాత్రికి విషాదం, డాన్సు, పాట, ప్రహసనం అన్నీ కలిపి నాలుగైదు గంటలు కూర్చోబెట్టేవాళ్ళు.

ఇక "టికెట్లు ఇంటివద్ద" అన్న లైన్ దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను. అంటే ఆ నటి స్వయంగా టికెట్లు అమ్ముకోవాలి, తెలిసినవాళ్ళ గడపలన్నీ తొక్కాలి, మన పెళ్ళిళ్ళలో చదివింపుల లాగా, ఆవిడ మొహం చూసి మొహమాటానికి కొనేవాళ్ళూ ఉంటారు, టికెట్ ధరకంటే ఎక్కువ చేతిలో పెట్టి పంపేవాళ్ళూ ఉంటారు. ఊళ్ళో పద్యనాటకం మధ్యలో మైకులో "ఫలానావారు నూటపదహార్లు చదివించారు" అని వినిపిస్తుంది చూడండి, అలాంటి డబ్బే ఇది, వినయంగా రాసిన ఆ భాష అంతా ఆ నూటపదహార్ల కోసమే.

గ్రాస్, షేర్ తెలిసినవాళ్ళకి లెక్క తేలిక

సినిమా కలెక్షన్ల మీద మనవాళ్ళకి ఉన్న పట్టు ఇక్కడ పనికొస్తుంది. బెనిఫిట్‌లో మూడు రకాల ఒప్పందాలు ఎక్కువ. "క్లియర్ బెనిఫిట్" అంటే ఖర్చు మేనేజర్ భరిస్తాడు, గ్రాస్ మొత్తం నటుడిది. రెండోదాంట్లో ముందు థియేటర్ ఖర్చు కోస్తారు, అంటే దీపాల నూనె, సిబ్బంది, సంగీతం, అచ్చు, పేపర్ యాడ్, ఇవన్నీ పోగా మిగిలింది నటుడిది. మూడోది "హాఫ్ బెనిఫిట్", గల్లాలో సగం సగం. ఇవి కాక ఇంకా రకరకాల బేరాలు ఉండేవి.

అంకెలు వేసి చూద్దాం, ఇవి అర్థం కావడానికి నేను పెట్టుకున్నవే, ఏ థియేటర్ రికార్డూ కాదు. హౌస్‌ఫుల్ అయితే 80 పౌండ్లు వస్తుంది, ఒక రాత్రి ఖర్చు 35 పౌండ్లు, నటి జీతం వారానికి 2 పౌండ్లు, సీజన్ 20 వారాలు, అంటే సీజన్ మొత్తం జీతం 40 పౌండ్లు.

హౌస్‌ఫుల్ రాత్రి క్లియర్ బెనిఫిట్ అయితే ఆమెకి 80 పౌండ్లు, రెండు సీజన్ల జీతం ఒక్క రాత్రిలో. ఖర్చులు కోస్తే 45, సగం పద్ధతిలో 40. ఇప్పుడు ఆరోజు వాన పడి వీధులు బురదై గల్లా 50కి పడిపోయిందనుకోండి, క్లియర్ అయితే 50, ఖర్చులు కోస్తే 15, సగమైతే 25. ఇంకా ఘోరంగా 30 పౌండ్లే వస్తే క్లియర్‌లో 30 మిగులుతుంది, సగంలో 15, ఖర్చులు కోసే పద్ధతిలో మాత్రం ఆమే మేనేజర్‌కి 5 పౌండ్లు ఎదురు కట్టాలి. బెనిఫిట్ అని పేరు, చివరికి అప్పు! ఆ 35 పౌండ్ల ఖర్చు రావడానికే మూడు షిల్లింగుల టికెట్లు 234 అమ్మాలి, పౌండ్‌కి 20 షిల్లింగులు కాబట్టి, ఆ తర్వాతే ఆమె సొంత సంపాదన మొదలవుతుంది.

అందుకే యాడ్‌లో బెనిఫిట్ అని చూసి ఆ నటికి డబ్బొచ్చింది అనుకోకూడదు, ఏ రకం బెనిఫిటో యాడ్‌లో సాధారణంగా రాయరు, అది లోపలి కాంట్రాక్ట్.

ఒకే మాట కింద వేరువేరు రాత్రులు

గందరగోళం ఎక్కువయ్యేది ఇక్కడే. నటుల జీతంలో భాగమైన బెనిఫిట్ పక్కనే, అదే పేపర్లో, అదే అక్షరాల్లో, చనిపోయిన నటుడి భార్యాపిల్లల కోసం బెనిఫిట్ ఉంటుంది, ఆస్పత్రికో అనాథాశ్రమానికో బెనిఫిట్ ఉంటుంది, ఊరు వదిలి వెళ్ళిపోయే స్టార్‌కి వీడ్కోలు బెనిఫిట్ ఉంటుంది, అప్పుల్లో మునిగిన మేనేజర్ తనకి తనే పెట్టుకున్న బెనిఫిట్ కూడా ఉంటుంది. ఫలానావారి బెనిఫిట్ అంటే ఎక్కువగా మొదటి రకం, "సహాయార్థం" అనే అర్థంలో ఉండే మాటలు కనపడితే దానధర్మం రకం, ఇది గట్టి రూల్ కాదు కానీ చదివేటప్పుడు ఒక ఆధారం.

కాలనీల్లో ఈ రెండో రకం ఎందుకంత పెరిగిందంటే, ఇంగ్లండ్‌లో ఉన్న పేదల చట్టం ఆస్ట్రేలియా కాలనీలకి రాలేదు. ఇంగ్లండ్‌లో ఎంత కఠినంగా అయినా పేదల్ని చూడాల్సిన ప్యారిష్ (ఒక చర్చి కింద ఉండే ప్రాంతం) అని ఒకటి ఉంది, సిడ్నీలో బెనెవలెంట్ సొసైటీ లాంటి సంస్థలే దిక్కు. చుట్టాలు పన్నెండు వేల మైళ్ళ అవతల ఉన్నారు. కాబట్టి ఒక నటుడు జబ్బుపడితే తోటి నటులు ఒక రాత్రి ఊరికే ఆడి ఆ డబ్బు అతనికిచ్చేవాళ్ళు, అదే వాళ్ళ ఇన్సూరెన్స్. మెల్‌బోర్న్ పెద్ద మేనేజర్ జార్జ్ కాపిన్ 1869లో ఓల్డ్ కాలనిస్ట్స్ అసోసియేషన్ పెట్టి ముసలివాళ్ళకి ఇళ్ళు కట్టించే ఏర్పాటు చేశాడు, బెనిఫిట్ నైట్ల మీద మొత్తం బతుకు ఆధారపడటం ఎంత ప్రమాదమో నాటకాల్లో మునిగితేలినవాడికి తెలియకుండా ఉండదు.

కలకత్తాలో లెక్క ఇంకోలా ఉంది

ఇండియాలో ఇంగ్లీష్ నాటకం అంటే చాలాకాలం ఔత్సాహికులదే. 1813లో తెరిచిన చౌరంగీ థియేటర్లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగులు, మిలిటరీ ఆఫీసర్లు సరదాకి వేషాలు వేసేవాళ్ళు, సంస్కృత పండితుడు హెచ్.హెచ్. విల్సన్ కూడా వాళ్ళలో ఒకడు. వాళ్ళకి జీతాలతో పని లేదు, ఆ డబ్బుతోనే బతకాల్సింది వృత్తిగా ఆడే నటీమణులు. వాళ్ళలో పేరున్నది ఎస్తేర్ లీచ్. 1839 మే నెలాఖరున చౌరంగీ థియేటర్ కాలిపోయింది, కొత్తది కట్టడానికి ఆవిడ చందాలకి దిగితే గవర్నర్ జనరల్ ఆక్లాండ్, ద్వారకానాథ్ ఠాగూర్ ఇద్దరూ ఇచ్చారు, 1841లో పార్క్ స్ట్రీట్‌లో సాన్ సూసీ థియేటర్ లేచింది. 1843 నవంబర్ 2న వేదిక పక్కన నిలబడి ఉండగా నూనె దీపం నుంచి ఆవిడ బట్టలకి నిప్పంటుకుంది, రెండు వారాల తర్వాత చనిపోయింది. ఇందాకటి లెక్కలో "దీపాల నూనె" ఒక ఖర్చుగా రాశాను, ఆ నూనెకి ఇలాంటి ఖరీదు కూడా ఉందని గుర్తుచేసుకోకుండా ఉండలేకపోయాను.

మన దేశం వాళ్ళు టికెట్ పెట్టి ఆడే నాటకాలు మొదలయ్యాక ఈ మాట చేతులు మారింది. 1872 డిసెంబర్‌లో కలకత్తా నేషనల్ థియేటర్ "నీల్ దర్పణ్" అనే నాటకంతో మొదలైంది, 1873లో అదే బృందం టౌన్ హాల్లో నేటివ్ హాస్పిటల్ సహాయార్థం ఆడింది. డబ్బు తీసుకుని నాటకం ఆడటాన్ని చిన్నచూపు చూసే రోజుల్లో, ఆస్పత్రికి ఇస్తున్నాం అంటే నాటకానికే మర్యాద పెరుగుతుంది. మన తెలుగులో బెనిఫిట్‌ని "సహాయార్థం" అన్నాం, ఆ మాటలో దానం ఒక్కటే మిగిలింది, జీతం అనే అర్థం ఎగిరిపోయింది. 1952లో రాయలసీమ కరువుకి, 1977లో దివిసీమ ఉప్పెనకి ఎన్టీఆర్ లాంటివాళ్ళు ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేసింది ఆ సహాయార్థం దారిలోనే. అంతకు నూరేళ్ళ ముందు, 1877లో బళ్ళారి, కర్నూలు, కడప ఎండిపోయినప్పుడు ఇండియా కరువు నిధికి ఆస్ట్రేలియా కాలనీల నుంచి కూడా చందాలు వచ్చాయి.

జీతమా, కానుకా: రెండు వైపులా ఉన్న వాదన

ఈ పద్ధతిని తిట్టేవాళ్ళ మాట సూటిగా ఉంటుంది. మేనేజర్ ఇవ్వాల్సిన జీతం పూర్తిగా ఇవ్వకుండా "నీకు బెనిఫిట్ ఉందిగా" అని రిస్క్ అంతా నటుల మీదకి తోసేశాడు, వానొచ్చినా, గవర్నర్‌కి జ్వరమొచ్చినా నష్టం వాళ్ళదే, పైగా చేసిన పనికి రావాల్సిన డబ్బు కోసం ఇంటింటికీ తిరిగి వంగివంగి నమస్కారాలు పెట్టాలి.

సమర్థించేవాళ్ళు చెప్పేదాంట్లోనూ పస ఉంది. ఏడాదంతా మేనేజర్ చెప్పిన నాటకం, మేనేజర్ ఇచ్చిన వేషం, బెనిఫిట్ రాత్రి మాత్రం ఏ నాటకం ఆడాలో నటుడే ఎంచుకోవచ్చు, రోజూ చెలికత్తె వేషం వేసే అమ్మాయి ఆ రాత్రి నాయిక కావచ్చు. ఊరు ఎవర్ని ఎంత ఇష్టపడుతుందో గల్లా చూస్తే తెలిసిపోతుంది, వచ్చే ఏడాది జీతం బేరానికి అది పనికొస్తుంది. మేనేజర్ వైపు నుంచి చూస్తే, రేపు ఎంతమంది వస్తారో తెలియని చిన్న ఊళ్ళో పెద్ద జీతాలు ఒప్పుకుంటే నెలలో మూతపడుతుంది.

ఈ గొడవ క్రికెట్ దారిలో కోర్టుకి కూడా వెళ్ళింది. ఇంగ్లండ్‌లో కెంట్ కౌంటీ ఆటగాడు జేమ్స్ సీమోర్‌కి వచ్చిన బెనిఫిట్ డబ్బు ఆదాయమా, పన్ను కట్టాలా అని కేసు నడిస్తే, 1927లో అప్పట్లో అక్కడి పై కోర్టు అయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ అది అభిమానంతో ఇచ్చిన కానుక, పన్ను లేదు అంది. 1950ల్లో లాంకషైర్ లీగ్‌లో ఆడిన ఆస్ట్రేలియన్ బ్రూస్ డూలాండ్ విషయంలో మాత్రం, బాగా ఆడినప్పుడు మైదానంలో ప్రేక్షకుల దగ్గర వసూలు చేసిన డబ్బు మీద అతనికి కాంట్రాక్ట్ ప్రకారమే హక్కుంది కాబట్టి అది సంపాదనే, పన్ను కట్టాలి అన్నారు. ఇదే కొలబద్ద సిడ్నీ యాడ్స్‌కి పెడితే నాకు స్పష్టంగానే అనిపిస్తుంది: కాంట్రాక్ట్‌లో రాసుకున్న బెనిఫిట్ జీతమే, యాడ్‌లో ఎంత వినయంగా వేడుకున్నా సరే. భర్త పోయిన ఆవిడ కోసం ఊరు పెట్టిన రాత్రి మాత్రం కానుకే.

యాడ్ ఒక మాట మాత్రమే, జరిగిందని రుజువు కాదు

ఈ పేపర్లు చదివేవాళ్ళు ఎక్కువగా పడే పొరపాటు ఇది. యాడ్ అచ్చయింది కాబట్టి ఆ నాటకం ఆడారు, ఆ గవర్నర్ వచ్చాడు అని రాసేస్తారు. వాన వల్లో, జబ్బు వల్లో వాయిదా పడేవి ఎన్నో, తర్వాతి సంచికలో వాయిదా ప్రకటన ఉందేమో చూడాలి, ఆ తర్వాతి సంచికలో సమీక్ష ఉందేమో చూడాలి, అక్కడ "హౌస్ పలచగా ఉంది" అని ఒక్క ముక్క ఉంటే మన 30 పౌండ్ల లెక్క గుర్తుకు తెచ్చుకోవాలి. సమీక్ష రాసే పేపర్‌కే ఆ యాడ్ డబ్బులూ వెళ్తాయి, అదీ మర్చిపోకూడదు. "ఇదే ఆఖరి రాత్రి" అని వేసి మళ్ళీ ఇంకో ఆఖరి రాత్రి వేయడం మామూలే.

19వ శతాబ్దం చివరికి టూరింగ్ కంపెనీలు, నెలల తరబడి ఆడే నాటకాలు, స్థిరమైన జీతాలు వచ్చి నటుల బెనిఫిట్ మెల్లగా తగ్గిపోయింది, దానధర్మం రకం మిగిలింది. మన దగ్గర సినిమాకి ఆ మాట అతుక్కున్నప్పుడు అభిమాన సంఘాలు సేవ పేరుతో వేయించుకునే అదనపు ఆట అనే అర్థం ఉండేది, తర్వాత రిలీజ్‌కి ముందు ఎక్కువ రేటుకి వేసే ప్రతి ఆటా బెనిఫిట్ షో అయిపోయింది. 1796 కరపత్రంలో పైన రెండు పేర్లున్నాయి, ఆ రాత్రి డబ్బు ఎవరికి వెళ్తుందో పిండి ఇచ్చి గ్యాలరీ ఎక్కినవాడికి కూడా తెలుసు. ఇప్పటి బెనిఫిట్ షో టికెట్‌లో పన్ను కాకుండా ఉన్న 800 రూపాయలు మామూలు ఆటల్లాగే ఎగ్జిబిటర్, డిస్ట్రిబ్యూటర్, నిర్మాత మధ్య వాళ్ళ వాళ్ళ ఒప్పందం ప్రకారం పంచుకుంటారు.